పెద్దాయన సీటు

వెంకమ్మది చాలా చిన్న ఆశ. మొగుడు తోలే జీపులో ముందు సీట్లో కూచుని, అద్దంలోంచి రోడ్డు ఎదురొస్తుంటే చూస్తూ ఉదయగిరి, ఆత్మకూరుల మధ్య ఒక్కసారి పోవాలి. గొర్రెల కాపరుల ఇంట పుట్టి, కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమెకిదే ఆశ. మనవరాలికి పెళ్ళీడొచ్చినా తీరలేదు.

ఆ జీపు మిలిటరీవాళ్ళు ఎప్పుడో వేలం వేసిన పాతకాలపుది. స్టీరింగు ఎడమ పక్కన. ఉదయగిరిలో పెద్దాయన రామనారాయణగారి ఇంట్లో ఉండేది. ఆయన దగ్గర డ్రైవరుగా చేరిన మాలకొండయ్య తన వయసంతా ఆ బండికీ, ఆ మనిషికీ ధారపోశాడు. పక్క సీటు పెద్దాయనది. ఆయన బండిలో లేకపోయినా ఆయనదే. అందులో పెళ్ళాన్ని కూచోబెట్టడమంటే మాలకొండయ్యకు దేవుడి పీట మీద చెప్పులు పెట్టినట్టే. వెంకమ్మ ఎప్పుడెక్కినా వెనకే, ఎరువుబస్తాల మధ్య. నొప్పులొచ్చి ఆసుపత్రికి పోయినప్పుడూ వెనకే. పెద్దాయన కన్నుమూసి పదేళ్ళు దాటింది. ఈ మహానుభావుడి లెక్కలో ఆయన ఇంకా సీటు దిగలేదు.

ఇప్పుడు పెద్దాయన మనవడు హర్ష ఆ జీపును బెంగుళూరులో పాత బండ్లు పోగుచేసే ఒకాయనకు ఇచ్చేశాడు. ముందద్దం బిగిస్తే చాలు, మర్నాడే లారీ వచ్చి ఎక్కించుకుపోతుంది. బిగించే పని ఆత్మకూరులో మెకానిక్ జోయల్ షెడ్డులో. కొత్త అద్దం వేసిన ఫ్రేము గతుకులకు పగలకుండా ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి గదా! దుప్పట్లో చుట్టి వెంకమ్మే పెట్టుకుంది, వెనక కూచునే. ముందు సీట్లో మాత్రం గాలి దర్జాగా కూచుని వచ్చింది. దోవంతా వెంకమ్మ ఒకటే అనుకుంది: తిరిగిపోయేటప్పుడైనా ముందు కూచోవాలి, రేపటి నుంచి అడగడానికి బండే ఉండదు.

షెడ్డులో జోయల్ ఫ్రేమును బానెట్టు వెనక రెండు మడతబందుల్లో కూర్చి, బోల్టులు చేత్తో తిప్పి వదిలేశాడు.

“ఇప్పుడే బిగిస్తే ఫ్రేము మెలిపడతాది. అద్దం నెర్రిస్తాది అక్కా, నువ్వా పక్క పట్టుకో.”

కింది అంచుకు సుద్ద పూసి, ఫ్రేమును బానెట్టు మీదికి వంచి, మళ్ళీ నిలబెట్టి రబ్బరు మీద ఆనించారు. ఎడమ పక్క రబ్బరుకు సుద్ద అంటింది. కుడి పక్క అంటలేదు, అంటే అక్కడ సందుంది. రబ్బరు కింద సైకిలు ట్యూబు ముక్క వేశాడు. మళ్ళీ వంచి, మళ్ళీ లేపి, ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లగీత తెగకుండా పడ్డాకే బోల్టులు బిగించాడు. చివరికి ఫ్రేమును రబ్బరుకు అదిమిపట్టే క్లాంపులు రెండు పక్కలా తిప్పాడు.

“ఎడం పక్కది నీ చేతికి అందుతాదన్నా. రబ్బరు అణిగే కొద్దీ కుడి పక్కది వదులైపోతాది. దోవలో ఎవురైనా కూచోని బిగిస్తా పోవాల” అన్నాడు జోయల్.

మాలకొండయ్య ఆ సీటు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“నేనే ఆపి ఆపి బిగించుకుంటాలే. నువ్వు వెనకెక్కు మే.”

వెంకమ్మకు చిర్రెత్తుకొచ్చింది. “ఏందయ్యా నువ్వు! పెద్దాయన పాయె, రేపు బండీ పోతాది. ఇంక నీకు మిగిలేది నేనే. ఎవురికి మర్యాద చేస్తావో చేసుకో. నేను మాత్రం వెనకెక్కను, బస్సుకే పోతా.”

జోయల్ నవ్వాపుకోలేక పానాలు తుడవడం మొదలుపెట్టాడు. మాలకొండయ్య భుజం మీది తువాలు తీసి, రోజూ పెద్దాయనకు దులిపినట్టే ఆ సీటును దులిపాడు.

“కూచో.”

ఊరు దాటారు. బోడి కొండలు, కంపచెట్లు, గొర్రెల మంద, అన్నీ అద్దంలోకి ఎదురొస్తున్నాయి. క్లాంపు మీద చెయ్యేసి వెంకమ్మ కళ్ళప్పగించి చూసింది. సంతోషంగానే ఉంది, దుఃఖమూ వస్తోంది. ఈ సీటుకు ఇంత దూరంగా కూచుని ఇన్నేళ్ళు గడిపానా అనుకుంది.

క్లాంపు వదులైంది. చెప్దామని మొగుడి వైపు తిరిగి, ఆ మాటే మరిచిపోయింది.

మాలకొండయ్య నవ్వుతున్నాడు. ఎవరినీ చూసి కాదు, తనలో తానే, పెదవి చివర చిన్నగా. ఇంట్లో ఎప్పుడూ మూతి ముడుచుకునుండే మనిషి. వెనక నుంచి ఆమె ఇన్నాళ్ళూ చూసింది అతని మెడనే.

“బండి తోలేటప్పుడు ఎప్పుడూ ఇట్ట నవ్వతావా?”

“నవ్వతా ఉండానా? నాకేం తెలుసే! పెద్దాయన అంటా ఉండేవాడు, ఏందిరా మాలకొండా ఆ నవ్వని.”

వెంకమ్మ తడుముకుంటూ క్లాంపు బిగించింది. రోడ్డు చూడాలని ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఉదయగిరి వచ్చేదాకా మళ్ళీ రోడ్డు వైపు చూడలేదు.