గ్లెనిస్ విన్న గొంతు

గ్లెనిస్ ఇల్లు మా వీధిలోనే, మాకు మూడో ఇల్లు. మా ఊరు టౌన్స్‌విల్‌లో మా ఇద్దరికీ ఒకే యూనివర్సిటీ కూడు పెట్టింది. నేను లైబ్రరీ కౌంటర్లో కూర్చునేదాన్ని. ఆమె ఇంట్లోనే, వెనక వరండాలో బల్ల వేసుకుని, పరిశోధకులు ఊళ్ళు తిరిగి పట్టుకొచ్చే రికార్డింగులు విని టైపు చేసేది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద ఒక పెడల్. నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. పంతొమ్మిదేళ్ళు అదే పని.

ఎన్ని రకాల చదువులు ఆ చెవుల్లో పడ్డాయో! సముద్రంలో పగడపు దిబ్బలు తెల్లబడి చచ్చిపోతున్నాయని కుమిలేవాళ్ళు, డెంగీ దోమల వెంట పడ్డవాళ్ళు, అరటితోటల్లో పనికొచ్చిన వనువాటు దీవుల కూలీల గోడు అడిగినవాళ్ళు, ముసలివాళ్ళ మతిమరుపు కొలిచేవాళ్ళు, జైలు నుంచి బయటికొచ్చిన ఆడవాళ్ళతో మాట్లాడినవాళ్ళు.

"పదో తరగతితో బడి మానేశాను. ఇప్పుడు చూడు, ఊళ్ళో సగం డాక్టరేట్లు నా కాలి కింద నడుస్తున్నాయి" అని నవ్వేది.

కానీ కొన్ని సాయంత్రాలు టీకి వెళ్తే కళ్ళు ఉబ్బి ఉండేవి.

"ఏమైందే?"

"ఏం లేదు. ఇవాళ పదిహేడో నంబరు మనిషి బాగా ఏడ్చాడు."

అంతకు మించి చెప్పేది కాదు. ఎవరి పేర్లూ ఆమెకు తెలియవు, నంబర్లే. విన్నది బయట పెట్టనని కాగితం మీద సంతకం చేసింది. తెలిసినవాళ్ళ గొంతు తగిలితే అక్కడే ఆపి ఫైలు వెనక్కి పంపెయ్యాలి. అదీ ఆ కాగితంలోనే ఉంది.

ఆమెకు మిగిలిన తోబుట్టువు తమ్ముడు నెవిల్ ఒక్కడే. సముద్రానికి దూరంగా హ్యూఘెండెన్ అనే చిన్న ఊరి అవతల, తండ్రి వదిలిపోయిన మేత భూముల్లో పశువులను పెంచుకుంటూ ఒంటరిగా ఉండేవాడు. ఏడేళ్ళు కరువు. ఎనిమిదో ఏడు ఫిబ్రవరిలో వాన వచ్చింది. మొదటి రోజు వాకిట్లో నిలబడి చొక్కా విప్పుకుని తడిశాడట. వాన పది రోజులైనా ఆగలేదు. మోకాలి లోతు బురద, దానికి తోడు చలిగాలి. ఎముకలు తేలిన పశువులు తట్టుకోలేక కంచెను ఆనుకుని నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చాయి. ఆ చుట్టుపక్కల ఎవరి మేత భూముల్లో చూసినా అదే కథ.

ఆ తర్వాత గ్లెనిస్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "ఎలా ఉన్నావురా?" అంటే, "బతికే ఉన్నా. నువ్వెలా ఉన్నావ్, మోకాలి నొప్పి తగ్గిందా?" అని మాట మార్చేసేవాడు.

మరుసటి ఏడు జులైలో ఇంగ్రిడ్ అనే పరిశోధకురాలు కొత్త ఫైళ్ళు పంపింది. ముప్ఫయ్యేళ్ళ పిల్ల, మూడేళ్ళుగా మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేస్తోంది. వరదలో పశువులు పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ మనసులో ఏముందో అడగడం ఆమె పని. గ్లెనిస్ ఆరు ఫైళ్ళు టైపు చేసింది. ఏడోది తెరిచింది.

ముందు ఆమె గుర్తుపట్టింది గొంతును కాదు, తలుపును. దోమతెర తలుపు స్ప్రింగు కీచుమని సాగి, రెండుసార్లు కొట్టుకుని పడే చప్పుడు. ఆ తలుపు వెనకే ఆమె పుట్టి పెరిగింది. అప్పుడు వినిపించింది నెవిల్ గొంతు: "కూర్చోమ్మా. టీలో పాలు పొయ్యమంటావా?"

కాలు పెడల్ మీంచి తియ్యలేకపోయానని తర్వాత నాతో అంది. గంటా పదకొండు నిమిషాలు విన్నది.

నెవిల్ ఎన్నడూ చెప్పనివన్నీ చెప్పాడు. కొనఊపిరితో మిగిలినవాటిని తన చేత్తోనే తుపాకీతో కాల్చిన సంగతి. బురదలో కూరుకుపోయిన ముసలి గుర్రం తనను చూసి లేవబోయిన సంగతి. "దాన్ని కాల్చాక తుపాకీ అక్కడే పారేసి ఇంటికొచ్చాను. ఇది ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

"ఇంట్లోవాళ్ళతో మాట్లాడతారా?" అని అడిగింది ఇంగ్రిడ్.

"అక్క ఉంది, టౌన్స్‌విల్‌లో. మంచి మనిషి. చెబితే ఫోన్లో ఏడుస్తుంది. అప్పుడు నేనే ఆమెను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు."

ఆ తర్వాత ఇంకో మాట. "పొద్దున లేచి బూట్లు వేసుకోవడానికి ఏ కారణమూ కనబడట్లేదమ్మా."

రికార్డింగు మూడు నెలల కిందటిది.

గ్లెనిస్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, నాకు కూడా. తెల్లారి బయల్దేరి నాలుగున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళింది. ఎండుపళ్ళ కేకు ఒకటి కట్టుకుపోయింది.

ఆమెను చూసి నెవిల్ నిజంగానే సంబరపడ్డాడు. "దారి తప్పావా ఏంటి? ఉండు, ముందు ఆ కేకు ఇటివ్వు" అన్నాడు. గడ్డం చేసుకుని ఉన్నాడు, వంటిల్లు శుభ్రంగా ఉంది. ఇద్దరూ గడప మీద కూర్చుని టీ తాగారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేసిన తిక్కపనులు తలుచుకుని నవ్వుకున్నారు. అక్కడితో ఊరుకుని వచ్చేసినా బాగుండేది. కానీ మనసు ఆగలేదు. వాడి మోచెయ్యి పట్టుకుని అంది:

"ఆ గుర్రం సంగతి నాతో ఒక్క మాట అనకూడదట్రా?"

నెవిల్ కప్పు కింద పెట్టాడు.

"గుర్రం సంగతి నీకెవరు చెప్పారు?"

ఆమె పనేమిటో వాడికి తెలుసు. ముక్కలు అతికించుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నువ్వు విన్నావు" అన్నాడు. "మొత్తం విన్నావా?"

"నెవ్, నాకు భయమేసింది. నువ్వు ఏమైపోతావో అని..."

"ముక్కూమొహం తెలియని పిల్ల కాబట్టి చెప్పాను. ఊళ్ళో ఒక్కడికీ తెలియదు కాబట్టి చెప్పాను. మాట్లాడుకోవడానికి నాకు దొరికింది ఒక్క చోటు, గ్లెనిస్. అందులోకీ వచ్చేశావా?"

అరవలేదు. అరిచినా బాగుండేదని ఆమె ఎన్నిసార్లు అందో! మిగిలిన కేకు గుడ్డలో చుట్టి, కారు సీట్లో పెట్టి, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

ఆ వారమే నెవిల్ తన మాటలన్నీ చెరిపెయ్యమని యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. అక్కడ మనుషులు దూరదూరంగా ఉంటారు గానీ మాటకు దూరం లేదు. ‘మనం చెప్పినవి టౌన్స్‌విల్‌లో మనవాళ్ళే వింటున్నారట’ అన్న మాట పాకింది. ఇంకో తొమ్మిదిమంది ఇంగ్రిడ్ పరిశోధన నుంచి తప్పుకున్నారు.

ఇంగ్రిడ్ గ్లెనిస్ ఇంటికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఆ పిల్ల కూర్చోను కూడా కూర్చోలేదు.

"నాకొక్క ఫోన్ చెయ్యాల్సింది. ఇంటర్వ్యూ అయిన మర్నాడే ఆయనకి ఇంటికెళ్ళి మనసు విప్పించే నర్సును ఒకామెను మాట్లాడిపెట్టాం. మూడు నెలలుగా వారం వారం వెళ్తోంది. మెల్లగా తేరుకుంటున్నాడు."

గ్లెనిస్ తలెత్తింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు ఆమెకీ గేటు తియ్యట్లేదు."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. తర్వాత ఆ పిల్ల చదువు మానేసి ఎక్కడో బ్యాంకులో చేరిందని మా లైబ్రరీలో చెప్పుకున్నారు. గ్లెనిస్‌కు పని పోయింది. ఎవరూ కసురుకోలేదు, ఫైళ్ళు రావడం ఆగిపోయింది అంతే. ఇప్పుడు ఆ పని యంత్రమే చేస్తోందట, దానికి అక్కాతమ్ముళ్ళు లేరు.

నెవిల్ ఫోన్ ఎత్తలేదు. ఆమె రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి గేటుకు తాళం. రెండోసారి తాళం లేదు, పక్క భూముల వాళ్ళ పశువులు వాకిట్లో మేస్తున్నాయి. భూమి అమ్మేసి ఎటు పోయాడో కొన్నవాళ్ళకూ తెలియదు. పోలీసులను అడిగితే, "బతికే ఉన్నాడు, ఎక్కడున్నాడో మీకు చెప్పొద్దన్నాడు" అన్నారు.

గ్లెనిస్ ఆస్పత్రి లాండ్రీలో చేరింది. దుప్పట్లు మడతపెట్టే పని, యంత్రాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే ఎంచుకున్నానంది. టీకి పిలిస్తే వస్తుంది గానీ, నేను నా పిల్లల సంగతులు ఎత్తితే చాలు, "వద్దే, నాకు చెప్పకు" అంటుంది.

పోయినేడు హ్యూఘెండెన్ లారీ డ్రైవరు ఒకడు కబురు మోసుకొచ్చాడు. క్యాథరిన్ అనే ఊరి దగ్గర రోడ్డు పక్క పెట్రోలు బంకులో నెవిల్‌ను చూశాడట. జుట్టు తెల్లబడిందట, అడిగినదానికి తప్ప మాట్లాడడట.

"పోదాం పద, రెండు రోజుల దారే. నేనూ వస్తాను" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళి ఏమనాలి? ఎలా ఉన్నావని అడిగినా, ఈసారి ఇంకేం విని వచ్చానో అని నా మొహంలోకి చూస్తాడు."

మేం వెళ్ళలేదు.