లాకు తాతగారి జతలు

లాకు తాతగారు పోయారు. మొన్న బుధవారం పొద్దున్న మా ఊరి పడవ సరంగు అమలాపురం వచ్చి, నేను పనిచేసే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఈ మాట చెప్పాడు. ముందురోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని, పొడుం డబ్బా మూత తీస్తూ అలాగే పక్కకి ఒరిగిపోయారట. "ఎవరిచేతా చేయించుకోకుండా పోయేరండి" అన్నాడు సరంగు. నేను నర్సుని, చావులు చూడటం నాకు కొత్త కాదు. అయినా ఆ పూట ఎవరికి ఏ మందు ఇస్తున్నానో ఒకటికి రెండుసార్లు చూసుకోవలసి వచ్చింది. సెలవు దొరికి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది.

కోనసీమ కాలవల మీద పడవ ప్రయాణం చేసినవాళ్ళకి లాకులంటే ఏమిటో తెలుసు. రెండు తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్ళు నింపో వదిలో, దాన్ని ఎగువకో దిగువకో పంపిస్తారు. మా ఊరి లాకుల దగ్గర ఆయన గుమాస్తా. పెద్దవాళ్ళంతా గుమాస్తాగారనేవారు, పిల్లలకి లాకు తాతగారు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఉద్యోగం అయిపోయాక కూడా లాకుల పక్కనే ఒక పెంకుటిల్లు తీసుకుని ఉండిపోయారు. ఆయన ఖద్దరు కట్టేవారు కాదు. ఉపన్యాసం చెప్పమంటే పొడుం పీల్చి తుమ్మేవారు. తన వంట తనే మడి కట్టుకుని చేసుకునేవారు. అలాంటి మనిషి ఊళ్ళో పిల్లల సంఘం పెట్టారంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు.

ఆ సంఘం మా కోసం పెట్టిందే. మేమంటే బర్మా నుంచి వచ్చినవాళ్ళం. మా నాన్న పెళ్ళికాక ముందే రంగూను వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేస్తూ, అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. ఆవిడే మా అమ్మ. జపాను వాళ్ళ బాంబులు పడగానే అందరితో పాటు మేమూ నడక మొదలుపెట్టాం. దారిలో జ్వరం తగిలి నాన్న పోయాడు. తన ఊరి పేరు, అన్నగారి పేరు మా చేత వల్లె వేయించి మరీ పోయాడు. ఆ రెండు పేర్లు పట్టుకుని అమ్మా, నేనూ, తమ్ముడూ బొబ్బర్లంక మీదుగా కాలవ పడవలో ఇక్కడికి చేరాం.

లాకులోకి రాగానే పడవ కిందికి దిగడం మొదలుపెట్టింది. గోడలు పైకి లేస్తున్నాయి, మేం మునిగిపోతున్నామనుకుని తమ్ముడు కేకలు పెట్టాడు. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన వంగి మమ్మల్ని చూశారు. లుంగీలు, అమ్మ తల్లోని దువ్వెన, వాడి ఏడుపు, అన్నీ చూసి, "ఏడవకురా, ఇంతకంటే కిందికి దిగదు" అన్నారు. మా ఊళ్ళో మాకు దొరికిన మొదటి మంచిమాట అదే.

పెదనాన్న మమ్మల్ని పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. పశువుల పాక పక్కన ఒక వసారా చూపించాడు. దొడ్డమ్మ వేళకి అన్నం పంపేది కానీ అమ్మ ముఖం చూసేది కాదు. మా నాన్నని చిన్నప్పటి నుంచి పెంచింది ఆవిడే. తన మరిదిని ఈ బర్మా మనిషి లాక్కుపోయి, అడవిలో వదిలేసి వచ్చిందని ఆవిడ బాధ. నాన్న దగ్గర మాకు తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాలేదు, అమ్మకి అదీ రాదు. బళ్ళో నన్ను నాకంటే నాలుగేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళలోనూ మాలాంటి కుటుంబాలు కొన్ని ఉండేవి. మమ్మల్నందరినీ కలిపి బర్మా మేళం అనేవారు.

తాతగారు సాయంత్రాలు మా మేళాన్ని తన అరుగు మీదికి పిలిచారు. అక్కడితో ఆగి ఉంటే అదొక రాత్రి బడి అయ్యేది, నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆయన ఊరి పిల్లల్ని కూడా పిలిచారు. ఒక్కొక్క బర్మా పిల్లకీ ఒక ఊరి పిల్లని జత వేశారు. మా సంఘానికి ఉన్న రూలు ఒకటే. జతలో ఒకరికి ఏదైనా రాకపోయినా, ఒకరు తప్పు చేసినా రెండోవాళ్ళు గుంజీళ్ళు తియ్యాలి.

నా జత మునసబుగారి అమ్మాయి. నాకు గుణింతం రాని మొదటి సాయంత్రం ఆ మహారాణి చెవులు పట్టుకుని అందరి ముందూ గుంజీళ్ళు తీసింది. మర్నాడు బడి గంట కొట్టకముందే నన్ను పట్టుకుని గుణింతాలు నూరిపోసింది. ఆ పిల్ల నా మీద దయతో నేర్పలేదు, మోకాళ్ళ నొప్పులు భరించలేక నేర్పింది. తర్వాత తనకి ఈత రాదని తెలిసి తాతగారు నా చేత గుంజీళ్ళు తీయించారు. వారం తిరక్కుండా తనని కాలవలో దింపి చేతులు కాళ్ళు ఆడించాను. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటూ స్నేహితులమయ్యాం. ఆవిడ ఇప్పుడు రాజోలులో ఉంది. నా ఉత్తరానికి జవాబు రాయడం ఆలస్యమైతే గుంజీళ్ళు తీస్తున్నానని మొదలుపెడుతుంది.

ఒకసారి ఎవరో పెద్దమనిషి వచ్చి, పాపం బర్మా పిల్లలకి చందాలు వేసి బట్టలు కుట్టిద్దామన్నారు. తాతగారు కుట్టించమన్నారు కానీ, "పడవని ఎవరూ భుజాన ఎత్తి పైకి చేర్చరండి. చుట్టూ నీళ్ళు నిండితే అదే లేస్తుంది" అని కూడా అన్నారు. ఆయనకి తెలిసిన ప్రపంచమంతా లాకే కాబట్టి పోలికలూ అక్కడివే వచ్చేవి. నన్ను రంగూన్ దొరసాని అని పిలిచేవారు. కోపం వస్తే ముందు పొడుం పీల్చేవారు, తుమ్ములు అయ్యేలోగా తప్పు చేసినవాళ్ళు పారిపోయేవాళ్ళు. అందుకే అలా పీల్చేవారని నా అనుమానం.

చనిపోయినవాళ్ళని గురించి అన్నీ మంచే చెప్పాలంటారు. నాకది చేతకాదు. రోజూ సంఘం అయిపోయాక, వంట మొదలెట్టే ముందు ఆయన నూతి దగ్గర స్నానం చేసేవారు. మమ్మల్ని తాకినందుకే ఆ స్నానమని మాకు తెలుసు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ ఆ సంగతి నాకు పూర్తిగా మింగుడు పడలేదు. కానీ మడి లేని ఇళ్ళవాళ్ళు మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో, మడి ఉన్న ఆయన పలక మీద మా చెయ్యి పట్టుకుని దిద్దించారు. ఆ రెండూ ఆయనే.

ఆ మడే మా కొంప ముంచబోయింది.

మేం వచ్చిన రెండో ఏడాది, ఎండలు ముదురుతున్న రోజులు. కొద్దిరోజుల్లో మరమ్మతులకి కాలవ కట్టేస్తారు కాబట్టి నీళ్ళు తగ్గుముఖం పట్టాయి. అమ్మ తన లెక్కల్లో తాను చూసుకుని తమ దేశపు సంవత్సరాది వచ్చిందని తేల్చుకుంది. ఆ పండక్కి అక్కడ ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకుంటారు. పెద్దవాళ్ళ మీదైతే పూలు వేసిన నీళ్ళు భుజం మీద మెల్లిగా పోసి దణ్ణం పెడతారు. అంతకంటే గౌరవం వాళ్ళకి మరొకటి లేదు. తన పిల్లల్ని దగ్గరికి తీసిన పెద్దాయనకి ఆ గౌరవం చెయ్యాలని అమ్మకి అనిపించింది. నాకు కూడా చెప్పకుండా చెంబుడు నీళ్ళలో మల్లెపూలు వేసుకుని రేవుకి బయలుదేరింది.

ఆ రోజు తాతగారి తల్లిగారి ఆబ్దికం. ఇంటి దగ్గర భోక్తలు వచ్చి కూర్చున్నారు. ఆయన కాలవలో మునిగి, తడిబట్టతో, వంటకి మడినీళ్ళ బిందె భుజాన పెట్టుకుని మెట్లెక్కి వస్తున్నారు. అమ్మ ఎదురుగా వెళ్ళి, నవ్వుతూ, బిందె లేని భుజం మీద చెంబులోంచి నీళ్ళు పోసేసింది.

రేవులో ఉన్నవాళ్ళంతా బట్టలు ఉతకడం మానేశారు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి అమ్మ చేతులు జోడించి తన భాషలో ఏదో చెబుతోంది, పూలు ఆయన జంధ్యానికి అంటుకుని ఉన్నాయి. ఆయన ముఖం ఎర్రబడింది. చేతిలో పొడుం కూడా లేదు. నా వైపు తిరిగి, "మీ అమ్మ ఏమంటోందమ్మా?" అన్నారు.

పాత ఏడాది పాపాలన్నీ ఈ నీళ్ళతో పోవాలని, మీరు చల్లగా ఉండాలని అంటోందండి అన్నాను.

"ఆయ్, అలాగే. ఇంకా నీళ్ళున్నాయిగా, కానిమ్మను" అని భుజం వంచారు. చెంబు ఖాళీ అయ్యేదాకా నిలబడి, బిందెలో నీళ్ళు పారబోసి, వెనక్కి తిరిగి మళ్ళీ కాలవలోకి దిగారు.

ఆయన ఊరుకున్నా ఊరు ఊరుకోలేదు. సాయంత్రానికి మునసబుగారూ, నలుగురు పెద్దలూ తాతగారి అరుగు దగ్గరికి వచ్చారు, వెనకాలే ఆడవాళ్ళూ పోగయ్యారు. ఈవేళ గుమాస్తాగారి మడి పోయింది, రేపు గుళ్ళో ఇంకేదో చేస్తారు, బర్మా పిల్లల్ని సంఘంలోంచి తీసెయ్యమన్నారు. అంతకంటే భయంకరమైన మాట పెదనాన్న అన్నాడు. పైన ఎక్కడో బర్మా వాళ్ళకి శిబిరం ఉందట, తల్లినీ పిల్లల్నీ రేపటి పడవలో పంపించేస్తానన్నాడు. ఆ శిబిరం ఎక్కడుందో ఆయనకీ తెలియదు. అమ్మకి మాటలు అర్థం కాకపోయినా తను ఏదో ఘోరం చేసిందని అర్థమైంది. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వసారాలో మా బట్టలు అప్పటికే మూటకట్టేసి వచ్చి, ఆడవాళ్ళందరికీ దూరంగా ఒక మూల నిలబడింది. ఇక్కడి నుంచి కూడా నడిచి పోవడమే అనుకున్నాను. ఈసారి పట్టుకోవడానికి మాకు ఇంకో ఊరి పేరు లేదు.

తాతగారు అందరి మాటలూ విన్నారు. తర్వాత పిల్లల్ని సంఘం రూలేమిటో చెప్పమన్నారు. మునసబుగారి అమ్మాయే తండ్రి ఎదుట గట్టిగా చెప్పింది.

"మరి ఈవిడకి జత ఎవరు?" అన్నారు తాతగారు.

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"పిల్లలకి ఇచ్చేను గానీ తల్లికి ఇవ్వలేదండి. మన సంగతులు ఈవిడకి చెప్పేవాళ్ళు లేరు, ఈవిడ సంగతులు మనకి చెప్పేవాళ్ళు లేరు. కాబట్టి ఈ తప్పు నా లెక్కలోకే వస్తుంది" అని కండువా తీసి పక్కన పెట్టి, రెండు చెవులూ పట్టుకుని గుంజీళ్ళు మొదలుపెట్టారు.

డెబ్భయ్యో పడికి దగ్గరపడ్డ మనిషి. పొద్దున్న ఆబ్దికం పెట్టి, అలిసిపోయి ఉన్నారు. మోకాళ్ళు కటకటమంటున్నాయి. మునసబుగారు కంగారుగా లేచి, వద్దండి, బాగుండదండి అంటూ చెయ్యి పట్టుకోబోయారు. ఆయన ఆగలేదు. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. "ఆపడం నా చేతిలో లేదండి. ఆవిడకి జత ఎవరో చెప్పండి, ఆపేస్తాను" అన్నారు రొప్పుతూ.

అమ్మ ఏడుస్తూ ఆయన వైపు రాబోయింది. అప్పుడు ఆడవాళ్ళలోంచి దొడ్డమ్మ ముందుకొచ్చింది. మగవాళ్ళ మధ్య ఆవిడ నోరు విప్పడం నేనెప్పుడూ వినలేదు. "నేనుంటానండి. ఆ పెద్దాయన్ని ఆపండి ముందు" అంది. పెదనాన్న ఏదో అనబోతే ఆవిడ ఆయన వైపు చూడలేదు. అమ్మ దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, అందరి ముందు నుంచీ ఇంటికి తీసుకుపోయింది. ఆ రాత్రి మేం వసారాలో కాదు, ఇంట్లో పడుకున్నాం.

ఒక్క పూటలో అంతా మారిపోయిందని అబద్ధం చెప్పను. దొడ్డమ్మ చాలాకాలం అమ్మతో కసురుతూనే మాట్లాడింది. కానీ కసరడానికైనా మాట కావాలి, ఆ మాటల్లోనే అమ్మకి తెలుగు వచ్చింది. మా నాన్న పోయేముందు ఏమన్నాడో, ఎక్కడ ఎలా మట్టి చేశామో దొడ్డమ్మ కొంచెం కొంచెంగా అడిగి తెలుసుకుంది. అడిగిన రోజున ఇద్దరూ అన్నం తినేవారు కాదు. తాతగారు దారిలో దొడ్డమ్మ కనిపిస్తే, ఏమ్మా, నీ జత ఎలా ఉంది అని అడిగేవారు. మమ్మల్ని అడిగినట్టే అడిగేవారు, తేడా లేదు. సాయం చేసేవాళ్ళు ఆ తర్వాత నాకు చాలామంది కనిపించారు, నేను చదువుకున్నది వాళ్ళ సాయంతోనే. అయితే మమ్మల్ని ఇంకొకరి బాధ్యత చేసి, ఇంకొకరిని మా బాధ్యత చేసినవారు ఆయనొక్కరే.

మరుసటి ఏడాది ఆ పండగ మళ్ళీ వచ్చింది. అమ్మ ఆ ఊసెత్తలేదు. ఎలా తెలుసుకుందో, దొడ్డమ్మే పొద్దున్నే లేపింది. పెద్దాయన స్నానానికి వెళ్ళకముందే వెళ్ళాలి, ముందు నీళ్ళు పోసేస్తే తర్వాత ఆయన మడి ఆయన కట్టుకుంటారు, ఇందులో ఇంత గొడవేముందని అమ్మని తొందర పెట్టింది. తన పెరట్లో మల్లెపూలు తనే కోసి చెంబులో వేసింది. దొడ్డమ్మ ముందే కబురు పెట్టిందేమో, మేం వెళ్ళేసరికి తాతగారు మాసిన పంచెతో వాకిట్లో పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. రంగూన్ దొరసానీ, ఆలస్యం చేసేరు అన్నారు.

అమ్మ వంగి ఆయన భుజం మీద నీళ్ళు పోసి దణ్ణం పెట్టింది. చెంబులో ఇంకా కొన్ని మిగిలాయి. దొడ్డమ్మ ఆ చెంబు అందుకుని, అటూ ఇటూ చూసి, అమ్మ పైట కొంచెం సర్ది, మిగిలిన నీళ్ళు ఆవిడ భుజం మీద పోసింది. పోస్తూ పోస్తూ ఏడ్చేసింది. అమ్మ ఆవిడని పట్టుకుంది. తాతగారు తడిసిన భుజం అలాగే వంచుకుని, వాళ్ళిద్దరూ తేరుకునేదాకా పీట మీంచి లేవలేదు.