అమ్మమ్మ పొట్లం, మావ ఫ్లెక్సీ

విమానం ఎక్కడమే కష్టం, దిగడం దానంతటదే అయిపోతుందని నేను నమ్మే వయసు అది. (ఆ నమ్మకం ఎంత తలకిందులో మా ఇన్‌స్ట్రక్టరు మొదటి వారంలోనే రుచి చూపించాడనుకోండి.) వైమానిక దళం అకాడమీలో మొదటి దశ శిక్షణ ముగించి, చిన్న ట్రైనరు విమానాన్ని ఒంటరిగా గాల్లో తిప్పి దించి, ఆ గర్వం ఇంకా దిగకుండానే పది రోజుల సెలవు మీద టెక్కలి వచ్చాను. సంచిలో ఉతకాల్సిన బట్టలతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. అందులో మూడు గళ్ళు: ఫైటరు, ట్రాన్స్‌పోర్టు, హెలికాప్టరు. ఏది మొదట కావాలో, ఏది తర్వాతో వాటిలో అంకెలు వేసి తిరిగి వెళ్ళగానే ఇవ్వాలి. ఒకసారి దారి పడితే ఉద్యోగమంతా ఆ దారే. హోటల్లో ఇడ్లీయా దోసెయా అన్నది తేల్చుకోవడానికే సర్వరు రెండుసార్లు తిరిగి రావాల్సిన మనిషిని నేను. నా చేతికి అలాంటి కాగితం ఇవ్వడం ప్రభుత్వం చేసిన పొరపాటేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

వచ్చిన మర్నాడే మా మావ, అంటే అమ్మకి తమ్ముడు, బండి మీద పలాస తీసుకెళ్ళాడు. ఆయనకి అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ గేటు పక్కన బండి ఆపి, "సూడమ్మీ" అన్నాడు. చూశాను. రెండు కరెంటు స్తంభాల మధ్య పేద్ద ఫ్లెక్సీ. నిప్పులు కక్కుతూ పోతున్న ఫైటరు విమానం. అందులో పదో తరగతి హాల్‌టిక్కెట్టు ఫోటోలోంచి కత్తిరించిన నా తల, రెండు జడలతో సహా. కింద 'యుద్ధ విమాన పైలెట్, ఉద్దానం ఆడపులికి స్వాగతం'. ఓ మూల చేతులు జోడించుకుని మావ. (విమానం కన్నా ఆయనే కాస్త పెద్దగా ఉన్నాడు.)

"మావా, నాకింకా ఫైటరు ఇవ్వలేదు" అన్నాను.

"ఇత్తారులే. ఆలివ్వకపోతే మనం అడగమేటి?"

జేబులోంచి కాగితం తీసి మూడు గళ్ళ సంగతి చెప్పాను. మావ దాన్ని దూరంగా పట్టుకుని చదివి, నన్ను లోపలికి తీసుకెళ్ళి, పప్పు ఏరే బల్ల ముందు నిలబెట్టాడు. "ఇటు సూడు. ఇరగని గుండుంటాది, రెండైన బద్దుంటాది, నలిగిన ముక్కుంటాది. ఫైటరంటే గుండు. ట్రాన్స్‌పోర్టంటే బద్ద. హెలికాప్టరంటే ముక్క. గుండు లాటి పిల్లవి, నిన్నట్టుకెళ్ళి ముక్కల్లో కలిపేత్తే నానూరుకుంటానా?" మూడూ ఒకటే హోదా, ఒకటే జీతం మావా అన్నాను. ఆయన బల్ల మీంచి ఒక ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, "మూడూ ఒకటే రేటైతే ముక్కెవుడు తీసుకుంటాడే?" అని అడిగాడు. అక్కడ పప్పు ఏరుతున్న ఒకావిడ తలెత్తి, "పాపా, పైకెల్తే కడుపు తిప్పుతాదా?" అంది. తిప్పుతుందన్నాను. "ఐతే ఏదైనొకటే. ఓ నిమ్మకాయట్టుకెల్లు" అంది. ఆ పది రోజుల్లో నేను విన్న సలహాలన్నిటిలో వెంటనే పనికొచ్చింది అదొక్కటే.

ఇంటికొస్తే నాన్నది ఇంకో రకం. ఆయన టెక్కలిలో ఆఫీసు గుమాస్తా. ఏ కాగితాన్నయినా మూడుసార్లు చదివితే గాని ముట్టుకోరు. మూడు గళ్ళ వంక చూడనే లేదు, అడుగున ఉన్న సన్నక్షరాలు చదివారు. "ఇది షార్ట్ సర్వీసు కదమ్మా. అయిపోయాక పెన్షనుంటాదా?" అని అడిగారు. ఉండదనుకుంటాను నాన్నా అన్నాను. "అనుకుంటన్నావా?" అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, దేశ రక్షణకి బయల్దేరిన నాకు కూడా మొదటిసారి భయమేసింది. మర్నాడు ఆఫీసు నుంచి కొత్త సమాచారం తెచ్చారు. "ట్రాన్స్‌పోర్టు తీసుకో. బయటికొచ్చినాక విమానాల కంపెనీలోల్లు పిలిచి ఉద్యోగమిత్తారంట. మా ఆఫీసులో ఒకాయన సెప్పాడు." ఆ ఒకాయన విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి ఒకే ఒక్కసారి విమానంలో వెళ్ళాడు. అయినా నేను బుద్ధిగా తలూపాను. పొద్దున్న ఫైటరు గడిలో ఒకటి వేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక చెరిపి ట్రాన్స్‌పోర్టులో వేసి, సాయంత్రం రెండూ చెరిపేసేదాన్ని. రబ్బరు దెబ్బకి కాగితం పల్చబడి అవతల వేలు కనబడసాగింది. అసలు నీకేం కావాలి అని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలీక, అడగనందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

సెలవు ఇంకా రెండు రోజులుందనగా అమ్మమ్మని చూడ్డానికి ఉద్దానం వెళ్ళాను. ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇంటర్ చదివేటప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. ఆ రోజు నేను అమ్మమ్మ దగ్గరే ఉన్నాను. తెల్లారి చూస్తే కొబ్బరి తోట మొత్తం ఒకే వైపుకి పడుకునుంది. దారులు మూసుకుపోయాయి. మూడో రోజు హెలికాప్టరు వచ్చింది. తలుపు దగ్గర కూర్చున్న మనిషి నాకేసి చెయ్యి ఊపాడు. (అందరికీ ఊపే ఉంటాడు. నాకని నేననుకున్నాను.) నేనూ రెండు చేతులూ ఊపాను. ఆయన వదిలిన పులిహోర పొట్లాల మూట మాత్రం సరిగ్గా పక్కింటి చిన్నమ్మమ్మ దొడ్లో పడింది. ఆవిడ అమ్మమ్మకి తోడికోడలు. సరిహద్దులో ఉన్న ఒక పనసచెట్టు మూలంగా ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆవిడ గోడ మీంచి రెండు పొట్లాలు అందించింది. ఆకలి కనక అమ్మమ్మ తీసుకుంది. ఆ రెండు పొట్లాల మాట ఊళ్ళో జరిగిన ప్రతి పెళ్ళిలోనూ చిన్నమ్మమ్మ ఎత్తుతూనే వచ్చింది.

అమ్మమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. కాగితం చూపించి, మావ మాట, నాన్న మాట చెప్పి, నువ్వేమంటావని అడిగాను. చేతిలో కత్తి ఆపకుండా, "అందులో పొట్లాలు పడీసింది ఏటి?" అంది.

"హెలికాప్టరు."

"మరదే తీసుకో. తీసుకుని, కాస్త సూసి పడీయే గుంటా. ఎవులి దొడ్లో పడాల్సింది ఆలి దొడ్లో పడాల. పక్కింట్లో పడీసి మమ్మల్ని ఇలాగ మాట పడనీకు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. తుఫాను తర్వాతి ఆ మూడో రోజు నుంచీ నాకు కావాల్సింది అదొక్కటేనని, అకాడమీకి ఎంపిక చేసే ఇంటర్వ్యూలో ఫైటరని గొప్పకి చెప్పి, తర్వాత ఫ్లెక్సీకి భయపడి, ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదని అప్పుడు తెలిసింది. ధైర్యం ఎక్కడ జారిపోతుందోనని, రబ్బరుకి లొంగకుండా పెన్నుతో హెలికాప్టరు గడిలో ఒకటి వేశాను. అకాడమీలో ఆ పల్చబడ్డ కాగితాన్ని ఆఫీసరు వెలుగుకి ఎత్తి చూసి, ఇందులో ఏం రాసినా చివరికి మార్కుల్ని బట్టి, అవసరాన్ని బట్టి బోర్డే ఇస్తుందన్నాడు. పది రోజులు నేను పడ్డ పాట్లకి దక్కిన జవాబు అది. హెలికాప్టరే ఎందుకని అడిగాడు. అమ్మమ్మ చెప్పింది సార్ అన్నాను. ఆయన ముఖం చూస్తే, ఆయనకేమీ అర్థం కాలేదని తెలిసింది. ఏమనుకున్నాడో గాని, బోర్డు హెలికాప్టరే ఇచ్చింది.

మావకి ఫోన్లో చెబితే, "ముక్కిచ్చారా?" అని ఫోను పెట్టేశాడు. తర్వాతి సెలవుకి వెళ్ళేసరికి ఫ్లెక్సీ అక్కడే ఉంది. ఫైటరు నడినెత్తిన సీలింగు ఫ్యాను లాంటి నాలుగు రెక్కలు అతికించి ఉన్నాయి. ఇలాంటిది ప్రపంచంలో ఏ దేశానికీ లేదు మావా అన్నాను. "ఐతే మనదే ఫస్టు" అన్నాడు.

ఇప్పుడు నా హెల్మెట్టు కింద జడలు లేవు, కాసిని తెల్లవెంట్రుకలున్నాయి. మొన్నొక వరదలో, మనకి దూరంగా ఇంకో రాష్ట్రంలో, మునిగిన ఊరి మీద హెలికాప్టరు నిలిపాను. ఒక డాబా మీద ముసలావిడ ఒంటరిగా నిలబడి ఉంది. అమ్మమ్మ మాట గుర్తొచ్చి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఆవిడకి సూటిగా తెచ్చి ఆపాను. వెనక మావాళ్ళు పొట్లాల మూట వదిలారు. రెక్కల గాలికి అది కొంచెం పక్కకి కొట్టుకుపోయి పక్క డాబా మీద పడింది. అక్కడున్న ఇంకో ముసలావిడ చటుక్కున అందుకుంది. మొదటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, తలెత్తి నాకేసి ఏదో గట్టిగా అంటోంది. ఇంజను మోతలో నాకేమీ వినబడలేదు, ఆవిడ భాష నాకు రాదు కూడా. అయినా ప్రతి మాటా అర్థమైంది. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చి, ఆవిడ డాబా మీద ఆవిడ మూట ఆవిడకి పడేదాకా కదల్లేదు.

పక్క డాబా మీద పడ్డ ఆ మొదటి మూట సంగతి మాత్రం అమ్మమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.