వేలు దూరని కట్టు

ఎనభైల్లో ఒక కోతల కాలంలో, వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే బస్సులో ఒక ముసలి రైతు నా పక్కన కూర్చున్నాడు. దారిలో ఒక పొలంలో, వరి కోసి పురికొసతో కట్టలు కట్టే కొత్త మిషన్ చుట్టూ జనం మూగి ఉన్నారు.

"నిన్న నేను గూడ పోయి చూసిన బిడ్డా. ఆ కట్టల ఏలు గూడ దూరదు," అన్నాడాయన. "మా ఇంటామె జర వదులుగ కట్టేది. గాలాడకుంటె గడ్డి ముక్కిపోతదనేది."

"ఆమె ఊళ్లోనే ఉందా తాతా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మొన్న ఎండకాలం పోయింది. పాడెకు కట్టేటప్పుడు, జర వదులుగ కట్టున్రి అన్న. నవ్వుతరనుకున్న గని ఎవ్వలు నవ్వలే. వదులుగనే కట్టిన్రు."

తన ఊరు రాగానే ఆయన దిగిపోయాడు.

చాలా ఏళ్లకు మా నాన్న పోయినప్పుడు, తాళ్లు బిగిస్తున్న వాళ్ల దగ్గరికి వెళ్లి నేనూ ఆ మాటే చెప్పాను.