ఖాళీ కోసం ఆగిన రేడియో

మా మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ఆయన మీద చిరాకుతోనే ఉన్నాను. పొద్దున్నుంచీ ల్యాబులో మా రేడియో ముందు కూర్చుంటే ఒక్క సందేశమూ సరిగ్గా చేరడం లేదు. మాస్టారు రానీ, ఈ రోజు తేల్చేసుకుంటాను అని నా జట్టులోని అంతర్వేది అమ్మాయితో అంటుండగానే ఫోను మోగింది. గుండెపోటట. తేల్చుకుందామంటే ఇక ఆయన లేరు.

అమలాపురం దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన కమ్యూనికేషన్స్ చెప్పేవారు. విద్యార్థుల రేడియో పోటీకి మమ్మల్ని తయారుచేసింది ఆయనే. సాఫ్ట్‌వేర్ రేడియో అంటే పెద్ద పెట్టె ఏమీ కాదు. అరచేతిలో పట్టే బోర్డు, ఒక యాంటెనా. ఏం వినాలి, ఎప్పుడు మాట్లాడాలి అన్నదంతా మనం రాసే ప్రోగ్రామే చూసుకుంటుంది. ప్రోగ్రాం రాయకముందు హెడ్‌ఫోను పెట్టుకుని ఉత్త గోలనే వినమనేవారు మాస్టారు. అందులో ఏది మోటారు, ఏది ట్యూబులైటు, ఏది మనిషి గొంతో పట్టుకోవడం నేర్పారు. ఈ పనిలో నాకు వచ్చినదంతా ఆయన పెట్టినదే. అందుకే కోపం కూడా ఆయన మీదే.

పోటీలో జట్లన్నిటికీ కలిపి ఒకే ఇరుకైన బ్యాండు, అంటే తరంగాలు నడిచే ఒకే సన్నదారి, ఇస్తారు. హాలు ఆ చివరనున్న తమ రిసీవరుకి ఎవరు ఎక్కువ సందేశాలు చేరిస్తే వారు గెలిచినట్టు. మన రేడియో ముందు వినాలి, ఎవరూ మాట్లాడకపోతేనే మాట్లాడాలి అని నిరుడు మాస్టారు నియమం పెట్టారు. పుస్తకాల్లో ఉన్న పద్ధతే. హాల్లో మాత్రం ఎవరూ ఆగలేదు. ఒకదాని మీద ఒకటి అరిచే రేడియోల మధ్య మాది, పెళ్ళి భోజనాల్లో "మీరు కానివ్వండి, మేం తరవాత బంతికి కూర్చుంటాం" అనే చుట్టంలా చివరిదాకా నిలబడే ఉంది. ఒక్క మాటా పంపలేదు. బోర్డు కాలిపోయిందా అని పక్క జట్టువాళ్ళు జాలిగా అడిగారు. కాలలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంత మర్యాదస్తురాలైన రేడియోని కోనసీమవాళ్ళు తప్ప ఇంకెవరూ తయారుచేయరు.

తిరుగు బస్సులో మాస్టారు "బాగా విన్నదండీ" అన్నారు, అదీ మెచ్చుకోలుగా.

ఆయనే అలాంటి మనిషి. మాకో కొత్త బోర్డు అడగడానికి స్టాఫు మీటింగుకి వెళ్ళేవారు. అందరూ మాట్లాడాక చెబుదామని ఆగేవారు. మీటింగు అయిపోయేది. ఒకసారి రేడియోని ఆరుబయట పరీక్షించడానికి అంతర్వేది బయలుదేరాం. రాజోలులో బస్సు మారాలి. ఆయన తలుపు పక్కన నిలబడి చేపల గంపల ఆడవాళ్ళనీ, పెద్దవాళ్ళనీ, చివరికి మమ్మల్నీ ఎక్కించారు. బస్సు కదిలిపోయింది. కిందనుంచి చెయ్యి ఊపారు. యాంటెనా పట్టుకుని ఇసుకలో మేం మాడుతుంటే ఎప్పటికో ఆటోలో దిగి, "ఆలస్యమైందాండీ?" అన్నారు.

ఈ ఏడు మాకు ఆఖరిది. ఇంకో పోటీ లేదు. ఆగే నియమం తీసేసి మనమూ అరుద్దామని గట్టిగానే వాదించాను.

"ఖాళీ ఉంటే కదా మాస్టారూ మాట్లాడేది. నిరుడు మీరూ చూసేరు."

"ఖాళీ లేకపోవడం ఉండదండీ. మన మాటే పెద్దదై ఉంటుంది" అన్నారాయన. "చిన్న చిన్న ముక్కలు చేసి చూడండి. ఎంత గోలలోనైనా ముక్క పట్టే సందు దొరుకుద్దండీ."

నాకు నచ్చలేదు. అయినా సందేశాన్ని ముక్కలు చేయడం మొదలుపెట్టాం. ఇటు ముక్కలవుతున్నాయి, అటు అతకడం లేదు. ఆయన పోయిన పొద్దున నేను తిట్టుకుంటున్నది దాన్నే.

మర్నాడు కొత్తపేటలో వాళ్ళింటికి వెళ్ళాం. మాస్టారి భార్యని మేం అమ్మగారూ అంటాం. ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా అదే చెబుతున్నారు. గుండెల్లో బరువుగా ఉందంటే ఇద్దరూ ఆటోలో ఆస్పత్రికి వెళ్ళారట. డాక్టరు గది ముందు జనం. ఈయన వంతు వచ్చేసరికి వెనక ఒకావిడ జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది.

"పసిపిల్ల కదా, ముందు వాళ్ళని వెళ్ళనివ్వండి, నాకేం పర్లేదు అన్నారమ్మా" అన్నారు అమ్మగారు. "ఆ తరవాత ఇంకో పెద్దాయన్నీ పంపేరు. ఆ బెంచీ మీదే నా భుజం మీదకి ఒరిగిపోయేరు."

ఆస్పత్రివాళ్ళ తప్పేం లేదు. గుండెల్లో నొప్పని తెలిస్తే పరుగెత్తుకొచ్చేవారే. ఈయన చెప్పలేదు, అమ్మగారినీ చెప్పనివ్వలేదు. ఎంత మంచిమనిషో అంటూ చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

కాలేజీకి రాగానే ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాంలో ఆగే నియమం ఉన్న వరసలన్నీ ఎంచుకున్నాను. ఒక్క మీట నొక్కితే పోతాయి. అంతర్వేది అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆయన చెప్పింది ఒక్కసారైనా పూర్తిగా చేసి చూడకుండా తీసేయడం న్యాయం కాదంది. సరేనని, పళ్ళు కొరుకుతూనే మళ్ళీ మొదట్నుంచీ వెతికాను. పంపేవైపు ముక్కల్ని సున్నా నుంచి లెక్కపెడుతున్నాం, అందుకునేవైపు ఒకటి నుంచి. అంతే తేడా. ఆయనుంటే నవ్వేవారు.

నిన్న రెండు పాత బోర్డుల్ని ఎదుటి జట్లలా అరవడానికి పెట్టి, మధ్యలో మాది ఆన్ చేశాం. మాట పంపినప్పుడల్లా వెలిగే దాని ఎర్రదీపం చాలాసేపు వెలగలేదు. నిరుటిలాగే వింటూ కూర్చుంది. ఆ గోలలో ఎక్కడో సందు దొరికి ఒక్కసారి మినుకుమంది. ఆగింది. మళ్ళీ మినుకుమంది. అవతలి తెరమీద ముక్కలు అతుక్కుని సందేశం మొత్తం వచ్చింది. పోటీకి ఇదే తీసుకెళ్దామని అంతర్వేది అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేనూ సరేనన్నాను.

సంతోషమే. కానీ ఆ దీపం వైపు చూస్తుంటే కోపం తగ్గలేదు. మాట చిన్నదైతే ఎంత గోలలోనైనా పడుతుందన్నది మీరే కదా మాస్టారూ. నొప్పిగా ఉందండీ. ఇంతే కదా. ఆ పిల్లని లోపలికి పంపి, తలుపు మూసుకునేలోపు అనేయొచ్చు. ఎర్రదీపం మినుకుమన్న ప్రతిసారీ ఆ మాట పట్టేంత ఖాళీ నాకు కనిపిస్తూనే ఉంది.