సరోజిని తోటలో నల్ల గొడుగు

మొన్నటి వేసవిలో మా ఊరి గున్నయ్య మరదలి చేతికర్రతో నడుం మీద ఒక్క దెబ్బ తిన్నాడు. ఆ సమయానికి ఆయన ఆమె జీడితోటలో, నల్ల గొడుగు భుజానికి ఆనించుకుని, కొమ్మల కింద వంగి ఉన్నాడు. దెబ్బకి గొడుగు ఒకవైపు, చేతిలోని సంచి ఒకవైపు పడ్డాయి. సంచిలోని జీడిపిక్కలు చెల్లాచెదురయ్యాయి. వాటి మాట ఎవరూ ఎత్తలేదు. ఊరికి పెద్దాయన నడుమే ముఖ్యమైంది.

"ఎలుగనుకున్నాను బావా" అంది సరోజిని, కంగారుగా. మంచినీళ్ళిచ్చింది. నడుంకి నూనె రాసే పని మాత్రం భర్త బంగారయ్యకి అప్పగించింది.

అలా అనుకోవడానికి కారణముంది. ఉద్దానంలో, జలంత్రకోట దగ్గర మా తోటల్లో జీడి పండితే ఎలుగుబంట్లకీ పండగే. రెండేళ్ళ కిందట ఆమె జీడిపళ్ళ నుంచి పిక్కలు వేరుచేసుకుంటుంటే ఒకటి వెనకనుంచి వచ్చి భుజంలో గోళ్ళు దించింది. అంతకుముందు తోటలో ఆమె కంటికి ఎర్రపళ్ళూ పచ్చపళ్ళూ తప్ప మరేవీ ఆనేవి కావు. ఆ తర్వాత ఎక్కడ నలుపుంటే చూపు అక్కడికి పోయేది. ఎదురింటి డాబా మీద కొత్తగా పెట్టిన నల్ల నీళ్ళట్యాంకు మీదకి చాన్నాళ్ళు కర్రెత్తింది. మేం నవ్వేవాళ్ళం. ఆమె మాత్రం తోటకెళ్ళడం మానలేదు, కర్ర పొడవు పెంచింది.

నడుం కుదుటపడగానే గున్నయ్య తమ్ముణ్ణి పట్టుకున్నాడు. "ఒరే, మీ ఆవిడ కళ్ళు పాడైపోనాయిరా. రేపు ఎవుడి బుర్రో పగిల్తేటి? తోట నాకు కౌలుకిచ్చీ. నాను సూసుకుంతాను."

బంగారయ్య అన్న మాట జవదాటడు. "అన్న సెప్పిందీ నిజిమే కదేటి" అని గొణిగాడు.

తుఫానుకి చెట్లన్నీ కూలిపోతే, మళ్ళీ మొక్కలు నాటి బిందెలతో నీళ్ళు మోసి సరోజిని పెంచుకున్న తోట అది. "కళ్ళు సూపింతాను. బాగోలేవంటే అప్పుడు మాటాడు" అని పలాస వెళ్ళింది.

కంటి డాక్టరమ్మ అక్షరాల బోర్డు చూడమంటే ఆమె ముందు బల్ల కిందున్న నల్లసంచి చూసింది. ఆ తర్వాత చివరి వరస దాకా గడగడా చదివేసి, ఎలుగు సంగతీ చెప్పింది.

"కళ్ళకేం లోటు లేదమ్మా. అన్నీ ఒకేసారి చూడలేం కదా, ముందు దేన్ని చూడాలో మెదడే ఎంచుతుంది. ఒకసారి ప్రాణం మీదకి తెచ్చినదాన్ని అది అంత తొందరగా మరిచిపోదు."

"అయితే తోటకెళ్ళడం మానీయాలేటి?"

"మానేస్తే ప్రతి నలుపూ ఎలుగు కాదని మెదడుకి ఎప్పటికి తెలుస్తుంది?"

సరోజినికి ఆ మాట చాలు.

మర్నాడు రామమందిరం అరుగు మీద గున్నయ్య పంచాయితీ పెట్టాడు. పెద్దల ముందు నడుం పట్టుకుని మరీ కూర్చున్నాడు. సరోజిని కర్రతోనే వచ్చింది.

"నా సూపు తగ్గలేదు. నలుపు ముందు కనిపిత్తంది, అంతే. బయమున్నోళ్ళందరూ ఇంట్లో కూకుంటే ఉద్దానంలో పిక్కలేరేదెవులు? తోట ఇవ్వను." అని భర్త వంక చూసింది. బంగారయ్య ఆకాశం వంక చూశాడు.

గున్నయ్యకి మండింది. "మనిసికీ ఎలుగుకీ తేడా తెల్దేటి నీకు?"

"తెలుసు బావా, ఎలుగైతే పండు తినేసి పిక్క వదిలేత్తాది."