చదివావా, విన్నావా?

నిన్న పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే, లైన్‌లో ఉండమని చెప్పి ఒక పియానో ముక్క వినిపించారు. అలాంటిది విన్నప్పుడల్లా నా ముక్కుకు పచ్చి గోంగూర వాసన తగులుతుంది. వసుంధర గారు ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, వంటింటి బల్ల దగ్గర గోంగూర ఆకు గిల్లుతూ అవతలి మనిషి కోసం ఎంతసేపైనా కాచుకునేవారు. కెనడాలోని హామిల్టన్‌లో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి, దానికి దగ్గర్లోని కేంబ్రిడ్జ్‌లో మా పక్కింట స్థిరపడ్డ మనిషి. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

నేను టెక్సాస్‌లో తొమ్మిదేళ్ళుండి ఇక్కడికి వచ్చిన దాన్ని. అక్కడి భయాలను కూడా సామానుతో పాటే మోసుకొచ్చాను. మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న కరీంనగర్ పిల్ల మౌనిక, కాలేజీలో చదువుతూ గోదాములో పనిచేసేది. ఒకరోజు మెట్ల మీద నిలబడి అడిగింది: "ఆంటీ, మా ఫ్రెండ్‌కు నెల తప్పింది. ఇక్కడ తీయించుకోవచ్చా?"

నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆరు వారాలు దాటితే నేరం. వీసాకే ఎసరు. ఎవరి దగ్గరా నోరెత్తొద్దని చెప్పు," అన్నాను. ఒక రాష్ట్రపు చట్టాన్ని తెచ్చి ఇంకో దేశం నెత్తిన రుద్దాను. ఆ ఫ్రెండ్ ఎవరో పోల్చుకునే తెలివి కూడా లేకపోయింది.

ఐదు వారాల తర్వాత గోంగూర కోసం వెళ్తే, వసుంధర గారి వంటింట్లో మౌనిక కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయాయి.

"వాక్-ఇన్ క్లినిక్‌కు పోయిన ఆంటీ. ఆ డాక్టర్ 'నేను చెయ్యను, ఇంట్ల మాట్లాడుకో' అన్నడు. మరి ఎక్కడికి పోవాల్నో చెప్పలే," అంటోంది ఆవిడతో.

వసుంధర గారు నా వైపు తిరిగారు. "నేరమని ఈ పిల్లకి చెప్పింది నువ్వేనట. చదివావా, విన్నావా?"

"అందరూ అంటున్నదేగా అండీ."

"విన్నావన్నమాట. ఈ దేశంలో దాన్ని నేరమనే చట్టమే లేదమ్మా. మొగుడి సంతకం అక్కర్లేదు, నాన్న సంతకం అక్కర్లేదు. ఇమిగ్రేషన్ వాళ్ళకి ఎవరూ చెప్పరు. చట్టం అడ్డం రాలేదు, నీ నోరు అడ్డం వచ్చింది."



ఆవిడ ఒక క్లినిక్‌కు ఫోన్ చేశారు. పియానో మొదలైంది. రెండు కట్టల ఆకు గిల్లడం అయ్యాక ఒక గొంతు పలికింది. మాత్రలతో అయిపోయే గడువు దాటిపోయిందట. చిన్న ఆపరేషన్ చెయ్యాలట. అదీ హామిల్టన్‌లో, పది రోజుల తర్వాత. స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో మనమే కనుక్కోవాలట.

"నేరం కాని పనికి ఇన్ని తలుపులు తట్టాలా? కారు లేని పిల్ల, షిఫ్టు మానితే ఉద్యోగం పోయే పిల్ల ఎక్కడికి పోతుంది? ఆ డాక్టరుకు దారి చెప్పడానికి కూడా నోరు రాలేదా?" అని విరుచుకుపడ్డాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మండనీ. ఆ మంటతోనే కారు తియ్యి. ఆపరేషన్ రోజు ఉదయం ఏడింటికి బయల్దేరాలి," అన్నారు వసుంధర గారు.

 హామిల్టన్ దారిలో మౌనిక మెల్లగా, "ఆంటీ, ఆరోజు మీరు 'తెల్వదు, కనుక్కుంటా' అన్నా సరిపోయేది," అంది. ఎవరు తిట్టినా నాకు అంత తగలలేదు.

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం, మిల్టన్‌లో బర్త్‌డే పార్టీ. ఒక పెద్దమనిషి ఇద్దరు స్టూడెంట్ పిల్లల ముందు, "ఇక్కడ కూడా అమెరికాలాగే అబార్షన్ బ్యాన్ చేశారు," అని దబాయిస్తున్నాడు. పళ్ళెం కింద పెట్టి అడిగాను: "చదివారా, విన్నారా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. వాళ్ళనే అడుగుదామంటూ ఆ హామిల్టన్ క్లినిక్ నంబరు కొట్టి, ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, కేకు పక్కన ఉంచాను. పియానో మొదలైంది.